16 పేజీల్లో ఒక రాత్రి బస్సు: నా మొదటి కామిక్ అనుభవం

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి రాజమండ్రికి రాత్రి బస్సెక్కినవాళ్లకి ఆ ప్రయాణం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లు, నడవలో మూటల మీద కూర్చున్న జనం, సూర్యాపేట దాటాక ఎవరో ఒకరు విప్పే పులిహోర పొట్లం. దీన్నే కామిక్‌గా గీద్దామనుకున్నాను. ఒకే రాత్రి, ఒకే బస్సు, కదలడానికి వీల్లేని మనుషులు. మొదటిసారి గీసేవాడికి ఇంతకంటే వాటమైన కథ దొరకదు. 16 పేజీలు దాటకూడదని ముందే గిరి గీసుకున్నాను. ప్రెస్సువాళ్ల లెక్కలో 16 పేజీలంటే ఒక ఫారం. పదిహేడోది వచ్చిందంటే ఖర్చు ఎగబాకుతుంది.

కథ అనుకోగానే పెన్సిల్ పట్టుకోలేదు. జో సాకో పద్ధతి నాకు మొదట్నుంచీ ఇష్టం. ఆయన చదివింది జర్నలిజం. పాలస్తీనా, బోస్నియా వెళ్లి, మనుషులతో మాట్లాడి, ఫొటోలు తీసుకుని, ఆ తర్వాతే బొమ్మల్లో పెట్టాడు. మాటలు రాసుకుపోయే విలేకరికి అక్కర్లేని ప్రశ్నలు బొమ్మలు వేసేవాడికి కావాలి: గోడ ఎంత ఎత్తు, ఒంటి మీద ఏముంది, ఎటు తిరిగి నిలబడ్డారు. నాకు అంత దూరం వెళ్లే పని లేదు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన పెదనాన్న ఉన్నారు. ఫోన్ చేసి, "పెదనాన్నా, బస్సు పోతుంటే టిక్కెట్లు కొట్టేటప్పుడు ఏం పట్టుకుని నిలబడేవారు?" అని అడిగాను.

"పట్టుకు నిలబడితే టిక్కెట్టు ఎవడిస్తాడ్రా? నడుం సీటు కడ్డీకి ఆనించేయడమే. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి."

ఆ ఒక్క మాటతో కండక్టరు బొమ్మ మొత్తం మారిపోయింది. బరువంతా ఒక తుంటి మీద, ఒక పాదం కాస్త ముందుకి, సంచీ పొట్ట మీదకి జారి, గడ్డం మిషను మీదకి వంచి. ఎన్ని ఫొటోలు వెతికినా ఈ భంగిమ దొరకలేదు. ఫొటో తీస్తున్నారంటే ఎవరైనా నిటారుగానే నిలబడతారు మరి.

తర్వాత థంబ్‌నెయిల్స్. చిన్న చిన్న గళ్లలో పుల్లల మనుషుల్ని పెట్టి, ఏ పేజీకి ఎన్ని ప్యానెళ్లు (అంటే బొమ్మల గళ్లు), ఎవరు ఎటువైపు అన్నది తేల్చుకోవడం. ఇక్కడ స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో తెచ్చిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' బాగా పనికొచ్చింది. రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీలో కథ నడిపించేది పాఠకుడేనంటాడు ఆయన. ఒక ప్యానెల్ నుంచి ఇంకోదానికి మారడంలో ఆరు రకాలు చెప్తాడు. అందులో ఒకటి, కాలం కదలకుండా కన్ను మాత్రమే ఒకే చోట రకరకాల వస్తువుల మీదకి తిరగడం. జపాన్ కామిక్స్‌లో అది ఎక్కువని చూపించాడు కూడా. నా తొమ్మిదో పేజీ అలా వచ్చిందే. కోదాడ దాటాక అందరూ నిద్ర. మాట లేదు. నీలం బల్బు, సీటు కింద తిరగబడిన చెప్పు, నోరు తెరిచి పడుకున్న తాత, కిటికీ అద్దం మీద తల ఆనిన జిడ్డు మరక. పుస్తకం మొత్తంలో తక్కువ శ్రమతో గీసిన పేజీ అది. చదివినవాళ్లు ఎక్కువసేపు ఆగిందీ అక్కడే.

గీత దగ్గరికొస్తే, తెలుగువాడి చెయ్యి బాపు వైపు లాగుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆడపిల్లని గీయబోతే కళ్లు వాటంతటవే ఆకర్ణాంతం సాగిపోతాయి. అయితే ఆయన దగ్గర తీసుకోవాల్సింది కళ్లు కాదని నా అభిప్రాయం. ఎక్కడ గీత ఆపాలో అది తీసుకోవాలి. వీపు గీశాక కుర్చీ గీయకుండా వదిలేస్తాడు, అయినా మనిషి కూర్చునే ఉంటాడు. కానీ కిటకిటలాడే బస్సుకి ఆ పొదుపు చాలదు. దానికి చందమామ శంకర్ కావాలి. పాత సంచికలు తీసి చూస్తే, రాజసభలో వెనక వరస మనిషికి కూడా వేరే ముక్కు, వేరే తలపాగా పెట్టారాయన. అందుకే మనుషులు ముందుకొచ్చిన ప్యానెళ్లు బాపు దారిలో, బస్సంతా కనిపించే ప్యానెళ్లు శంకర్ దారిలో పెట్టుకున్నాను. రెండూ ఒకే పేజీలో పొసగవని ఒక ఆర్టిస్టు మిత్రుడి వాదన. పొసిగాయనే నేనంటాను.

అసలు పని అక్షరాల దగ్గర పడింది. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలన్నీ మామూలుగా పెద్దక్షరాల్లోనే ఉంటాయి, వరసలు సమంగా కూర్చుంటాయి. మనకి పైన గుడి, కింద ఒత్తు. వరసకీ వరసకీ మధ్య ఎడం ఇవ్వకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని ఢీకొంటుంది. పైగా మన మాటలు పొడుగు. "కూర్చోనివ్వట్లేదేంటండీ" అన్నది ఒకటే మాట, సన్నటి మాటల బుడగలో పట్టదు, మధ్యలో విరిస్తే చదవబుద్ధి కాదు. అందుకని బుడగలు అడ్డంగా, చపటాగా వేశాను. వాటి చోటు పోగా మిగిలినదాంట్లోనే తలకాయలు. అంటే ముందు అక్షరాలు, తర్వాత బొమ్మ. డైలాగులూ నరికాను. ఆ పొడుగు మాట చివరికి "జరగండి" అయింది. కిక్కిరిసిన బస్సులో ఎవరైనా అనేది కూడా అదే.

కంప్యూటర్లో ఫాంటు పెడదామంటే, నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో "లక్ష్మి" ముక్కలైంది, ఒత్తులన్నీ విడివిడిగా పక్కన పడ్డాయి. దక్షిణాసియా లిపుల సెట్టింగు ఒకటి ఆన్ చేస్తే సర్దుకుంది. కానీ పెన్నుతో గీసిన ముఖాల పక్కన ఫాంటు అరువు తెచ్చుకున్నట్టే ఉంది. అంతా చేత్తోనే రాశాను.

బుడగల సంగతిలో నన్ను ఆలోచింపజేసిన పుస్తకం 'భీమాయణ'. 2011లో నవయాన అనే ప్రచురణ సంస్థ వేసింది. అంబేడ్కర్ జీవితానికి పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం గీసిన బొమ్మలు. మనుషుల్ని గళ్లలో బంధించడం వాళ్లకి ఇష్టం లేదు, అందుకని డిగ్నా ముగ్గులతోనే పేజీని విడగొట్టారు. మెత్తటి మాటలకి పక్షి ఆకారం బుడగ. విషం కక్కే మాటలకి తేలు కొండి. అది వాళ్ల సంప్రదాయంలోంచి వచ్చింది, ఎత్తుకొచ్చి నా బస్సులో పెడితే అతకదు. కానీ కోడిగుడ్డు ఆకారం తప్పనిసరి కాదన్న ధైర్యం మాత్రం అక్కణ్ణుంచే వచ్చింది. కండక్టరు "రైట్ రైట్" కేకకి అసలు బుడగే పెట్టలేదు. బస్సు పైకప్పు రేకు మీద, దాని వంపు వెంబడే రాశాను.

రంగులకి డబ్బుల్లేవు. నలుపు తెలుపే అనుకున్నాక, ఇరాన్‌లో తన చిన్నతనాన్ని 'పెర్సెపొలిస్' కామిక్‌గా గీసిన మర్జానే సత్రపీ పేజీలు ముందు పెట్టుకున్నాను: బూడిద రంగు లేకుండా, నలుపుని గడ్డకట్టినట్టు పోసి గదినీ రాత్రినీ భయాన్నీ చూపిస్తుంది. హైవే రాత్రికి అది చక్కగా కుదిరింది. నలుపు పొయ్యడమే, హెడ్‌లైటు కోసం కాగితాన్ని వదిలెయ్యడమే. కొలత ఇంకో తలనొప్పి. మామూలుగా పెద్దగా గీసి ప్రింటులో తగ్గిస్తారు. ఏ4లో గీసింది ఏ5కి దిగితే 71 శాతం అవుతుంది. గీతలు నున్నబడతాయి గానీ సన్నవి చచ్చిపోతాయి, అక్షరాలూ అంతే. ఆర్ట్ స్పీగల్‌మన్ తన 'మౌస్' కామిక్‌ని అచ్చయ్యే కొలతలోనే గీశాడు, అందుకే ఆ గీతలో చేతిరాత డైరీ లాంటి దగ్గరితనం. నిద్ర పేజీ ఒక్కటి నేనూ అలాగే ఏ5లోనే గీశాను. మిగతావి ఏ4. స్కానింగ్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నలుపు తెలుపు మాత్రమే.

ప్రెస్సులో పెద్ద కథేం జరగలేదు. మ్యాప్‌లిథో కాగితం, అట్టకి కాస్త మందం, సెంటర్ పిన్నింగ్.

మొదటి కాపీ పెదనాన్నకే ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా తిరగేశారు. గీత గురించి ఒక్క ముక్క లేదు. నాలుగో పేజీలో టిక్కెట్టు ఇచ్చే ప్యానెల్ మీద వేలు పెట్టి, "ఈ ముసలాయన పెద్ద నోటిచ్చాడు. చిల్లర లేదన్నావు. మరి టిక్కెట్టు వెనకాల బాకీ రాసివ్వలేదేం? రావులపాలెంలో దిగేటప్పుడు గొడవైపోద్ది" అన్నారు. మళ్లీ వేసిన కాపీల్లో ఆ టిక్కెట్టు వెనక్కి తిరిగి ఉంటుంది, దాని మీద 35 అని, కింద గీత.