మా చిన్న కంపెనీ తొలి కాన్‌కాల్: నా అనుభవం

స్టాక్ ఎక్స్చేంజీలో లిస్టయిన చిన్న కంపెనీకి పెద్ద కష్టం ఏమిటంటే, దాని గురించి రాసేవాళ్లు ఉండరు. పెద్ద కంపెనీల ఫలితాలు రాగానే బ్రోకరేజీలు పోటీపడి నివేదికలిస్తాయి. మా షేరులో రోజూ జరిగే ట్రేడింగే తక్కువ. దాని మీద వచ్చే కమిషన్ కోసం ఏ అనలిస్టు మాత్రం కూర్చుని రాస్తాడు? యూరప్‌లో 2018 జనవరి నుంచి మిఫిడ్-2 అనే పెట్టుబడి మార్కెట్ల నిబంధనలు వచ్చి, ఫండ్ సంస్థలు రీసెర్చ్‌కి ట్రేడింగ్ కమిషన్‌లో కలపకుండా విడిగా లెక్కకట్టాల్సి వచ్చింది. దాంతో అక్కడ కూడా చిన్న కంపెనీలను పట్టించుకునేవాళ్లు తగ్గారన్న మాట గట్టిగా వినిపించింది. ఇక మిగిలింది చిన్న మదుపరులు. వాళ్ల దగ్గరికి కంపెనీయే వెళ్లాలి. అకౌంట్స్‌లో పనిచేస్తున్న నాకు ఆ బాధ్యత అప్పగించారు: ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్ తయారు చేయాలి, ఫలితాల తర్వాత కాన్‌కాల్ (యాజమాన్యం మదుపరులతో ఫోన్లో జరిపే సమావేశం) పెట్టించాలి.

ఈ సంగతి తెలియగానే ప్రచారం చేసిపెడతామంటూ ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన వ్యాసాలు, వీడియో ఇంటర్వ్యూలు, మదుపరుల గ్రూపుల్లో మెసేజీలు అన్నీ కలిపి ఒక ప్యాకేజీ చెప్పాడు. ఫీజులో కొంత భాగం షేర్లుగా ఇవ్వమన్నాడు. "ఇది కంపెనీ డబ్బిచ్చి రాయించిందని కింద వేస్తారా?" అని అడిగాను. "అలా వేస్తే ఎవరు చదువుతారండీ?" అన్నాడు. అక్కడితో ఆ బేరం ముగిసింది. అమెరికాలో 1933 నాటి సెక్యూరిటీస్ చట్టం 17(బి) సెక్షన్ ప్రకారం, కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని షేరు గురించి రాసేవాళ్లు ఆ సంగతీ, ఎంత తీసుకున్నదీ బయటపెట్టి తీరాలి. 2017 ఏప్రిల్‌లో అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, డబ్బు తీసుకుని స్వతంత్ర అభిప్రాయాల్లా నడిపిన ప్రచారం విషయంలో 27 మంది వ్యక్తులు, సంస్థల మీద చర్యలు ప్రకటించింది. షేర్లే ఫీజుగా తీసుకునేవాడికి ధర పెంచాలన్న ఆత్రం ఉంటుంది, పెరిగాక అమ్ముకోవాలన్న ఆత్రం అంతకంటే ఎక్కువ ఉంటుంది. చివరికి నష్టపోయేది ఆ వ్యాసం నమ్మి కొన్నవాడే. అదే, ఫీజు ఎవరిచ్చారో మొదటి పేజీలోనే చెప్పే పెయిడ్ రీసెర్చ్‌ను నేను తప్పు పట్టను. చదివేవాళ్లు దానికి తగ్గట్టు తూకం వేసుకుంటారు.

ప్రెజెంటేషన్ దగ్గర అసలు పని పడింది. డిజైన్ వాళ్లు పంపిన తొలి కాపీలో అమ్మకాల బార్ చార్ట్ సున్నా దగ్గర మొదలవలేదు. నిలువు గీతను మధ్యలో కోసేయడంతో కొద్దిపాటి పెరుగుదల రెట్టింపులా కనబడుతోంది. ఎబిటా (వడ్డీ, పన్నులు, తరుగుదల తీయకముందు లాభం) పెద్ద అక్షరాల్లో ఉంది, నికర లాభం మూలన ఉంది. ఒక విదేశీ సంస్థతో కుదిరిన ఎంఓయూను "ఆర్డర్ బుక్"లో, అంటే ఖాయమైన ఆర్డర్ల లెక్కలో కలిపేశారు. ఎంఓయూ అంటే మాట్లాడుకున్నాం అని మాత్రమే, అవతలివాళ్లు సరుకు కొనితీరాలని అందులో ఎక్కడా లేదు. దాన్ని తీయించి "చర్చల్లో ఉన్నవి" అని వేరే వరుస పెట్టించాను. క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల) పట్టిక మాత్రం చివరి అనుబంధంలోకి వెళ్లిపోయింది. ఆ క్వార్టర్‌లో (మూడు నెలల్లో) లాభం పెరిగింది, ఆపరేషన్స్ నుంచి వచ్చిన నగదు తగ్గింది. సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు. ఆ పట్టికను మూడో పేజీకి తెచ్చాను. సేల్స్ హెడ్‌కి నచ్చలేదు. ఎండీ గారు కూడా కాసేపు ఆలోచించారు. "వార్షిక నివేదికలో ఎలాగూ ఉంటుంది సార్, అక్కడ చూసి అడిగే బదులు మనమే చెబుదాం" అన్నాను. సరేనన్నారు.

ఇంకో పట్టింపు కూడా ఉంది. ధరను కదిలించగల విషయమేదైనా ముందు ఎక్స్చేంజీకి చేరాలి, ఆ తర్వాతే ఎవరి చెవినైనా పడాలి. ఎంపికచేసిన కొద్దిమందికి ముందుగా చెప్పడాన్ని అమెరికా 2000లో రెగ్యులేషన్ ఎఫ్‌డీతో కట్టడి చేసింది. మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ఉద్దేశమూ బయటపడని సమాచారం కొందరి చేతుల్లోనే తిరగకూడదనే. కాల్ మొదలవకముందే మా ప్రెజెంటేషన్ ఎక్స్చేంజీలో ఫైల్ చేసేశాం.

కాల్‌లో మొదట పొగడ్తలు వచ్చాయి. తర్వాత ఒక చిన్న వాటాదారు లైన్లోకి వచ్చారు. "లాభం పెరిగింది, బాగుంది సార్. మరి నగదు ఎందుకు తగ్గింది? బాకీ ఉన్నది ఒక్క కస్టమరా, చాలామందా?" అంతకంటే మంచి ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదు. ఎక్కువ భాగం ఒక్కరి దగ్గరే ఉందని, గడువు దాటిందని ఎండీ గారు నిజమే చెప్పారు. ఆ వెంటనే ఇంకొకరు ఈ క్వార్టర్ ఎలా నడుస్తోందని అడిగారు. ఎండీ గారికి హుషారొచ్చి, ఖరారవుతున్న ఒక ఆర్డరు గురించి నోరు తెరిచారు. "ఇంకా ఫైల్ చేయలేదు" అని కాగితం ముక్క మీద రాసి ముందుకు జరిపాను. ఆయన చూసి ఆగారు. "ఖరారైతే ఎక్స్చేంజీ ద్వారా అందరికీ ఒకేసారి తెలుస్తుంది" అని ముగించారు.

మర్నాడు షేరు కాస్త తగ్గింది. ఆ నగదు పేజీ వల్లేనని ఆఫీసులో గుసగుసలు. నేను కాల్ రికార్డింగు, రాతప్రతి వెబ్‌సైట్‌లో పెట్టించాను, కాల్‌కి రాలేనివాళ్లకూ అదే సమాధానం దొరకాలని. తర్వాత వచ్చిన మెయిళ్లలో టార్గెట్ ధర ఎంత అని అడిగినవాళ్లు తగ్గి, బాకీ వయసెంత, ముడిసరుకు ధర పెరిగితే ఎవరు భరిస్తారు అని అడిగేవాళ్లు పెరిగారు. నాకు కావలసింది ఆ వాటాదారులే.

తర్వాతి క్వార్టర్‌కి ఆ కస్టమర్ సగమే కట్టాడు. ఆ అంకెనూ అదే మూడో పేజీలో, అదే పట్టికలో వేశాం. మొదటిసారి అడిగినాయన మళ్లీ లైన్లోకి వచ్చి, మిగతా సగం ఎప్పుడని అడిగారు.