చెవిలో హోరు ఉన్నవాళ్లు ధ్యానానికి కూర్చోవాలంటే

తెల్లవారుజామున నాలుగింటికి, ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు కూర్చోమని అందరూ చెప్తారు. చెవిలో గుయ్‌మనే మోత ఉన్నవాళ్లకి అంతకంటే చెడ్డ వేళ లేదు. బయటి చప్పుడు తగ్గేకొద్దీ మోత పైకి తేలుతుంది. బెంగళూరులో డిసెంబరు చలికి ఫ్యాను ఆపి, కిటికీలు మూసేస్తే జరిగేది ఇదే. చెవుల్లో దూది పెట్టుకుంటే ఇంకా ఘోరం.

టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి ఒకటో నంబరులో పెట్టండి, లేదా స్పీకర్లో వాన చప్పుడు. అది మోతను ముంచేయకూడదు, దానికంటే ఒక పిసరు తక్కువగా ఉండాలి. రెండూ విడివిడిగా వినపడాలి. పూర్తిగా కప్పేస్తే మెదడు మోతకు అలవాటుపడేదెప్పుడు?

మొదట్లో పది నిమిషాలు చాలు. కళ్లు సగం తెరిచి, అరికాళ్లు నేలకు ఆనిన చోట ధ్యాస పెట్టండి. శ్వాస మీద వద్దు, ఆ చప్పుడు వెంటే చెవి మోత దగ్గరికి పోతుంది. మోత లాగితే ‘మోత’ అని మనసులో ఒక్కసారి అనుకుని పాదాలకు వచ్చేయండి. తగ్గిందా అని మధ్యలో వెతికారో, మళ్లీ మొదటికే. ఈ సాధనతో తగ్గేది చిరాకు, మోత కాదు.

మోత నాడితోపాటు కొట్టుకుంటుంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి.