సూర్యాపేట దాటాక

భోగికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున నాలుగున్నరకే హైదరాబాద్‌లో బయల్దేరాం, నేను, మా ఆవిడ, వెనక సీట్లో అమ్మ. పంతంగి టోల్ దగ్గర పండగ రద్దీ ఎలా ఉంటుందో విజయవాడ రోడ్డు మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ ఒక్కచోటే ముప్పావుగంట పోయింది. సూర్యాపేటలో టిఫిన్ చేసి, మధ్యాహ్నం భోజనానికి తెనాలిలో ఉంటాం అనుకున్నాం.

కోదాడ ఇంకా రాలేదు. డివైడర్ మధ్యలో ఊళ్లోకి తిరగడానికి వదిలిన సందులోంచి ఒక బైకు అడ్డంగా వచ్చింది. ముందు కారు బ్రేక్ వేసింది, నేనూ వేశాను, ఆగాం కూడా. వెనక వస్తున్న డీసీఎం వ్యాను మాత్రం ఆగలేదు. వెనక అద్దం పగిలి ముక్కలు ఒళ్లో పడ్డాయి, మా బండి వెళ్లి ముందు కారుకు గుద్దుకుంది. అమ్మ బెల్టు పెట్టుకోలేదు. నుదురు ముందు సీటుకు తగిలి రక్తం కారుతుంటే "ఏం కాలేదురా, నువ్వు కంగారుపడకు" అంటూనే ఉంది. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోమని ఆ రోజు ఒక్కమాట అనలేదు నేను. అది ఇప్పటికీ పీకుతూనే ఉంది.

రోడ్డు పక్క టీ కొట్టాయన పరుగున వచ్చి అమ్మను దింపి, తువ్వాలు నుదుటికి నొక్కిపట్టాడు. మా ఆవిడ 1033కి ఫోన్ చేసింది, హైవే అంబులెన్స్ వచ్చింది. వాళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు, నేను బండి దగ్గర ఉండిపోయాను. బళ్లు పక్కకు తీసేలోపు రెండు నంబర్ ప్లేట్లూ, టైర్ల గీతలూ ఫోన్‌లో ఫొటోలు తీశాను. తర్వాత నన్ను కాపాడినవి అవే.

డీసీఎం డ్రైవర్‌కు పాతికేళ్లు కూడా ఉండవు. "అన్నా, కేసు వద్దన్నా, మా ఓనర్ పైసలిస్తడు" అని చేతులు పట్టుకున్నాడు. జాలేసింది. కానీ అమ్మకు ఏడు కుట్లు, ఎడమ భుజం ఎముక చిట్లింది. రేపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం అడగాలంటే మొట్టమొదట చూసేది ఎఫ్ఐఆరే, పైగా ఆ దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలని చట్టంలో ఉంది. సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాను. కాపీ అడిగితే "ఆన్‌లైన్‌ల వస్తది సార్, డౌన్‌లోడ్ చేసుకోండి" అని చీటీ మీద నంబర్ రాసిచ్చారు. ఆసుపత్రిలో అమ్మ ఉంది, చీకటి పడుతోంది, ఆ చీటీ తీసుకుని వచ్చేశాను.

కనుమ మర్నాడు డౌన్‌లోడ్ చేసి చూస్తే డీసీఎం నంబర్‌లో చివరి రెండు అంకెలు తారుమారై ఉన్నాయి. నేను రాసిన కాగితంలో సరిగ్గానే ఉంది, టైప్ చేసేటప్పుడు తప్పింది. ఆ నంబర్‌తో వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్లకు అది వేరే ఎవరిదో బండి. టెన్షన్‌తో స్టేషన్‌కు ఫోన్ చేస్తే స్వయంగా రమ్మన్నారు.

మొదటిసారి వెళ్తే ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు. అటూ ఇటూ మూడు వందల కిలోమీటర్లు, ఒక రోజు సెలవు పోయింది. రెండోసారి దొరికారు. ఎఫ్ఐఆర్ కోర్టుకు వెళ్లిపోయాక స్టేషన్‌లో దిద్దరు, తప్పు ఫలానా అని మెమో రాసి కోర్టుకు పంపాలి. నా ఫొటోలు, స్పాట్ పంచనామా పక్కపక్కన పెట్టి చూశారు, మెమో రాయించారు. అన్నట్టు, ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది, పాత సీఆర్‌పీసీ బదులు ఇప్పుడున్న బీఎన్ఎస్ఎస్‌లో అది 173వ సెక్షన్. ఆ సాయంత్రమే అక్కడ కూర్చుని కాపీ తీసుకుని చదివి ఉంటే ఈ రెండు ప్రయాణాలూ ఉండేవి కావు. మీకెవరికైనా ఇలాంటి అవసరం పడితే బండి నంబరు, టైము, స్థలం, గాయపడ్డవాళ్ల పేర్లు, ఈ నాలుగూ వేలు పెట్టి చదవండి.

తిరిగి వచ్చేటప్పుడు ఆ సందు దగ్గర ఆగాను. అమ్మ పంపిన అరిసెల డబ్బా టీ కొట్టాయనకు ఇచ్చాను. ఆయన డబ్బా వంక చూడనే లేదు, "అమ్మకు కుట్లు ఇప్పిన్రా?" అని అడిగాడు.