వచ్చిందా, తెచ్చారా?

నా మెడకి కుడిపక్కన కందిగింజంత మచ్చ ఒకటి ఉంది. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయినప్పుడు పొట్ట మీద జానెడు గాటు మిగిలింది, దాని మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఈ కందిగింజ మీదే.

ఆపరేషన్, రెండు రోజుల వెంటిలేటర్, అవన్నీ నాకే సరిగ్గా గుర్తులేవు. నాలుగో రోజుకి లేచి కూర్చుని ఇడ్లీ పెట్టమని గొడవ చేశానట. రేపో మాపో వార్డుకి పంపిస్తామన్నారు. చేతి నరాలు దొరకడం లేదని మెడలో పెట్టిన సెంట్రల్ లైన్, అంటే మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి దూర్చిన గొట్టం, మాత్రం తీయలేదు.

ఆరో రోజు రాత్రి పదకొండు దాటాక చలి మొదలైంది. మంచం కమ్మీలు టకటకా కొట్టుకున్నాయి. పళ్ళ మధ్య పడి నాలుక తెగింది. పై బీపీ 70కి దిగింది. లైన్ లోంచి ఒకసారి, చేతిలోంచి ఒకసారి రక్తం తీసి, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడ్డానికి కల్చర్‌కి పంపారు. మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్ ఎక్కించారు, తెల్లారాక లైన్ తీసేశారు. జ్వరం మాత్రం తగ్గలేదు.

రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. మందుల పేర్లు వరసగా, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే ఆ మందుకి అది లొంగదని. మెరోపెనెమ్‌కీ ఆరే. అట్టడుగున కొలిస్టిన్ అనే మందు ఎదురుగా ఒక్క 'ఐ'. ఇంటర్మీడియట్, అంటే అటూ ఇటూ కాదని. పనిచేస్తే 'ఎస్' అని ఉండాలి కదా అని మా ఆయన అడిగితే ఇన్ఫెక్షన్ల డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. కొలిస్టిన్‌కి 'ఎస్' ఇచ్చే పద్ధతిని 2020లో అమెరికా ప్రమాణాల్లోంచి తీసేశారట, అంత నమ్మకంగా చెప్పగలిగే మందు కాదని. నేను లెక్కల టీచర్ని. నాకు అర్థమైందేమిటంటే, క్లాసంతా ఫెయిలు, పాసైన ఒక్కడూ గ్రేస్ మార్కుల మీద.

కొలిస్టిన్ మొదలెట్టారు. ఆ రాత్రే నేను వినకూడని మాట విన్నాను. డ్యూటీ డాక్టరు నా మంచం పక్కనే నిలబడి ఫోన్లో అంటున్నాడు: "సెవెన్‌కి కొలిస్టిన్ కూడా పట్టకపోతే ఇంక చేసేదేం లేదు సార్. అటెండెంట్లకి ఇప్పుడే చెప్పేయమంటారా?"

సెవెన్ అంటే ఏడో మంచం, నేనే. కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు కదా బాబూ! పాతికేళ్ళ కుర్రాడు, నా స్టూడెంట్ల వయసు. ఈరోజుకీ వాణ్ణి క్షమించలేదు. ఆ రాత్రంతా దేవుడు గుర్తురాలేదు. బియ్యం డబ్బా అడుగున దాచిన తాకట్టు రసీదు గుర్తొచ్చింది. అది మా ఆయనకి తెలీదు. నేను పోతే నాలుగు కాసుల గొలుసు కూడా పోతుందని ఏడ్చాను.

మూడు గంటలప్పుడు శ్రీకాకుళం సిస్టర్ వచ్చింది. చేతులకి శానిటైజర్ రుద్దుకుని, అది ఆరేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "విన్నారు కదా ఆంటీ?" అంది. ఊఁ అన్నాను. "మందు మొదలెట్టి ఇంకా ఒక్క రోజే కదా" అంది. అంతే. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలని దెబ్బతీస్తోందని 1970ల తర్వాత డాక్టర్లు దాదాపు పక్కన పెట్టేశారు. కొత్తవి పనిచేయక మళ్ళీ బయటికి తీశారు. నాకు పెదాల చుట్టూ చీమలు పాకినట్టుండేది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 0.8 నుంచి 2.9కి ఎక్కింది. డయాలసిస్ దాకా వెళ్ళకుండా ఆగింది. పద్నాలుగు రోజులు పట్టింది. బతికించింది కూడా ఆ ఆసుపత్రే, కాదనను. మా అమ్మ మాత్రం చిన తిరుపతి వెంకన్న అంటుంది. ఆవిడ మొక్కుకున్న గుండు నేనే చేయించుకున్నాను.

డిశ్చార్జి రోజు పెద్ద డాక్టరుగారిని అడిగాను, ఇది నాకెలా వచ్చిందని. "ఐసీయూ అన్నాక ఇవి వస్తుంటాయమ్మా, మామూలే" అన్నారు. వాన వచ్చింది, బస్సు వచ్చింది అన్నట్టు. లైన్ మూతిని స్పిరిట్‌తో తుడవకుండా సిరంజి గుచ్చడం నేను నా కళ్ళతో చూశాను. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి అవే చేతులతో రావడమూ చూశాను. నా రక్తంలోకి అది ఆ దారినే వెళ్ళిందని రుజువు చేయలేను. కానీ నడిచొచ్చిందంటే ఒప్పుకోను. డిశ్చార్జి కాగితంలో "సెప్సిస్, చికిత్సకు స్పందించారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినడం. మీవాళ్ళెవరైనా ఐసీయూలో ఉంటే రోజూ ఒక్కటడగండి: ఈ లైన్ ఇవాళ కూడా అవసరమా? విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. తణుకు దగ్గర మా తమ్ముడికి కోళ్ళఫారం ఉంది. మందు పేరు చెప్పగానే, "కొలిస్టినా? అది మనం దాణాలో కలిపేవాళ్ళం కదక్కా!" అన్నాడు. కోళ్ళకి రోగం లేకపోయినా, బాగా పెరగడానికట. 2019 జూలైలో కేంద్రం దాన్ని పశువులకీ కోళ్ళకీ వాడకూడదని నిషేధించింది. అప్పుడు వీడు తిట్టుకున్నాడట. వాడి కోళ్ళకీ నా జబ్బుకీ నేరుగా ముడిపెట్టలేం, నాలో ఉన్నది కొలిస్టిన్‌కి లొంగింది కాబట్టే ఇది రాస్తున్నాను. అయినా నా ప్రాణానికి మిగిలిన ఒకే ఒక్క మందుని మావాళ్ళే బస్తాల లెక్కన కోళ్ళకి పోశారంటే మనసొప్పలేదు. ఆ మాటకొస్తే నేనేం తక్కువా? జలుబు చేస్తే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొని రెండు రోజులు వేసుకుని మానేసినదాన్నే.

మొన్న సంక్రాంతికి ఫారానికి వెళ్ళాను. షెడ్డులో కొబ్బరిడొక్కలు నింపిన పాత సంచి మీద అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను, కొలిస్టిన్ సల్ఫేట్. పారెయ్యరా అన్నాను.

"సంచి బాగానే ఉంది కదక్కా" అన్నాడు.