క్యాసెట్ల పెట్టె: 41లో 17 అయ్యాయి

శ్రీకాకుళంలో మా పాత ఇంటి అటక మీద రేకు పెట్టెలో దొరికిన క్యాసెట్లు మొత్తం 41. ఎక్కువ భాగం రేడియో నుంచి పట్టిన పాటలు, నాలుగు మా ఊరి పండగలో నాన్న టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన సెట్టు) ముందు పెట్టి పట్టిన జముకుల కథలు (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథలు), మిగతావి చిన్నాన్న గల్ఫ్‌లో ఉన్న రోజుల్లో ఉత్తరానికి బదులు మాట్లాడి పంపినవి. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిద్దామని సెకండ్‌హ్యాండ్‌లో ఒక డెక్, అంటే క్యాసెట్లు వినిపించే యంత్రం, కొన్నాను. తీరా ఇంటికి తెచ్చి మూత విప్పితే బెల్టు తారులా కరిగి పుల్లీలకి అంటుకుపోయి ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు తెలిసిన ఒక పాత మెకానిక్ "ఏటి బాబూ, ఇంకా ఇవి పట్టుకు తిరుగుతున్నావా?" అని నవ్వుతూనే కొత్త బెల్టు వేసిచ్చాడు. ఆ తారు తుడవడానికే ఒక పూట పట్టింది, చేతికి అంటిన నలుపు రెండు రోజులు వదల్లేదు.

మొదటి నెలంతా నేను చేసిన తప్పేమిటంటే, క్యాసెట్ అంటే క్యాసెట్టే కదా అనుకోవడం. కాదు. టేపు మీది పూతను బట్టి రకాలు: మామూలు ఫెర్రిక్ (ఇనుప ఆక్సైడ్) టేపు టైప్ 1, క్రోమ్ టైప్ 2, మెటల్ టైప్ 4. టైప్ 3 కూడా ఒకటుంది, ఫెర్రిక్రోమ్, మా పెట్టెలో అది లేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. మూడూ ఏ డెక్‌లో పెట్టినా తిరుగుతాయి, పాడతాయి, హెడ్‌కి (టేపును చదివే భాగానికి) ఏమీ కాదు. వినడంలో తేడా ఒక్క ఈక్వలైజేషన్ (సన్నని శబ్దాలను ఎంత పెంచి, ఎంత తగ్గించి వినిపించాలన్న సర్దుబాటు) దగ్గరే: టైప్ 1కి 120 మైక్రోసెకన్లు, క్రోమ్‌కీ మెటల్‌కీ 70. 70లో పట్టిన టేపును 120లో వింటే పై స్థాయిలో నాలుగున్నర డెసిబెల్స్ దాకా ఎక్కువ వస్తుంది, అంటే "స", "ష" అన్న చోటల్లా చెవిలో గుచ్చినట్టుంటుంది.

మరి డెక్‌కి ఏ టేపో ఎలా తెలుస్తుంది? కొన్ని డెక్‌లలో మనమే స్విచ్ వేయాలి. నాది క్యాసెట్ వీపు మీది గుంటలు చూసి తనే తెలుసుకునే రకం. రెండు మూలల్లో ఉండే రెక్కలు, విరగ్గొడితే రికార్డింగ్ అవకుండా ఆపేవి, అందరికీ తెలుసు. వాటి పక్కనే లోపలి వైపు ఇంకో గుంట ఉంటే క్రోమ్. అవి కాక మధ్యలో ఇంకో జత ఉంటే మెటల్. తొలి రోజుల మెటల్ క్యాసెట్లకు ఆ మధ్య గుంటలు ఉండేవి కావు, అలాంటిది దొరికితే ఆటోమేటిక్ డెక్ క్రోమ్ అనుకుంటుంది. వినడానికి ఫర్వాలేదు, రెండింటికీ 70యే.

ఇది తెలియకే ఒక పని చేశాను. చిన్నాన్న పంపిన టీడీకే ఎస్ఏ (టైప్ 2 రకం) ఒకదానికి ప్రెషర్ ప్యాడ్ (టేపును హెడ్‌కి అదిమే మెత్త) ఊడిపోయింది, దాని డబ్బా స్క్రూలు లేని అతుకు డబ్బా. జాగ్రత్తగా పగలగొట్టి, టేపు చక్రాలు రెండూ తీసి, ఐదు స్క్రూలున్న ఒక ఖాళీ పాటల క్యాసెట్ డబ్బాలో అమర్చాను. బ్రహ్మాండంగా తిరిగింది. కానీ గొంతు మాత్రం పల్చగా, రేకు మీద గోరుతో గీసినట్టు. రెండు రోజులు హెడ్‌నే అనుమానించి, పక్కనున్న అజిముత్ స్క్రూ (హెడ్ వంపును సరిచేసేది) కూడా తిప్పి చెడగొట్టుకున్నాక వెలిగింది: కొత్త డబ్బాకి క్రోమ్ గుంట లేదు, డెక్ దాన్ని టైప్ 1 అనుకుంటోంది. బ్లేడుతో గుంట చెక్కాను, గొంతు దారికొచ్చింది. అజిముత్ మళ్లీ చెవితో సరిచేసుకోవడానికి ఇంకో సాయంత్రం.

బూజు సంగతి కూడా చెప్పాలి. మా వైపు గాలి తేమకి ఆరు క్యాసెట్లలో టేపు చుట్ట అంచున తెల్లగా పట్టింది. అవి డెక్‌లో పెట్టలేదు, ఆ బూజు తర్వాతి క్యాసెట్లకీ అంటుకుంటుంది. మిగతావి కూడా ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తిప్పాకే వింటున్నాను. ప్రతి రెండు క్యాసెట్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడుపు. సీ-120లు (120 నిమిషాల క్యాసెట్లు) రెండున్నాయి, వాటి టేపు మరీ పల్చన, రోలర్ పట్టి లాగేస్తుందని చివరికి పెట్టుకున్నా.

ఇక అసలు విషయం, 17వ నంబరు. టీడీకే ఎంఏ, మెటల్. చిన్నాన్న సెట్టులో మెటల్ రికార్డింగ్ ఉండేది, దాని మీద నానమ్మకి మాట్లాడి పంపాడు. నేను పదో తరగతిలో రెక్కల గుంటలకు సెల్లోటేపు అంటించి మా టూ ఇన్ వన్‌లో దాని మీదే రేడియో పాటలు పట్టేశాను. మెటల్‌కి బయాస్ (రికార్డింగ్‌లో శబ్దంతో పాటు టేపుకి ఇచ్చే అదనపు సిగ్నల్) ఎక్కువ కావాలి, పాతది తుడవడానికి ఎరేజ్ హెడ్‌కీ బలం ఉండాలి, మా సెట్టుకి రెండూ లేవు. అందుకే ఆ పాటలు అప్పట్లోనే నీరసంగా, గరగరమంటూ వచ్చేవి, క్యాసెట్టే బాగోలేదని పక్కన పడేశాను.

మొన్న హెడ్‌ఫోన్స్‌తో వింటుంటే రెండు పాటల మధ్య ఖాళీలో అడుగున ఎవరో మాట్లాడుతున్నారు. పై స్థాయి అంతా పోయి, గోడ అవతల నుంచి వస్తున్నట్టు లావుగా, "అమ్మా, మోకాలు ఎలాగుంది" అని. వాల్యూమ్ పెంచి ఆ మూడు సెకన్లు ఎన్నిసార్లు విన్నానో. పాటలకైతే గుంటలు మూసి 120లో వినాలి, గొంతుకి తెరిచి 70లో. అందుకని ఒకే క్యాసెట్ రెండుసార్లు ఎక్కించాను. పాట నడుస్తున్న చోట గొంతు విడదీయడం నా వల్ల కాలేదు, ఖాళీలన్నీ కోసి అతికిస్తే 52 సెకన్లు వచ్చింది.

చిన్నాన్నకి పంపాను. ఫోన్ చేసి, "ఏటిరా, నన్నే తుడిచేసేవా?" అన్నాడు, తర్వాత ఇంకోసారి పంపమన్నాడు. ఆ సెల్లోటేపు ముక్కలు పీకేశాను. వచ్చే వారం జముకుల కథ క్యాసెట్లు, నాలుగూ టైప్ 1, వాటితో పేచీ ఉండదనుకుంటున్నా.