రొయ్యల చెరువు గట్టు మీద అమెరికా బౌలింగ్

ఆకివీడు దాటాక రైలుకి ఒక పక్క దాళ్వా నాట్లు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. భీమవరం, పాలకొల్లు, ఆ తర్వాత నరసాపురం. పట్టాలు అక్కడితో ఆఖరు. అంతర్వేది తీర్థానికి వస్తున్నానని అక్కకి చెప్పాను. అది నిజమే. బావగారికి మాత్రం ఇంకో సంగతి కూడా చెప్పాను: ఆదివారం అర్ధరాత్రి ఫోన్‌లో ఒక ఫైనల్ చూడాలి, సిగ్నల్ ఎక్కడ బాగుంటుందో చూసి పెట్టండి అని.

"మనవాళ్లు ఎవరితో ఆడుతున్నార్రా?" అన్నారాయన. మనవాళ్లు లేరు, క్రికెట్ కాదు, టెన్‌పిన్ బౌలింగ్ అన్నాను. మాల్‌లో పిల్లలు బంతి దొర్లించి పిన్నులు పడగొడతారే, అదీ అని చెబితే, "దానికి ఫైనల్ కూడానా!" అని నవ్వారు.

ఫైనలేమిటి, దానికో సీజనే ఉంది. 1958లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఎడ్డీ ఎలియాస్ అనే లాయరు మాట మీద 33 మంది ఆటగాళ్లు తలా 50 డాలర్లు వేసుకుని పీబీఏ అనే ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే టూర్ మొదలైంది. ఇప్పటికీ చలికాలంలో మొదలై ఎండలు ముదిరే దాకా నడుస్తుంది. ఆటగాళ్లు బంతుల సంచులు మోసుకుని ఊరి నుంచి ఊరికి తిరుగుతుంటారు. అన్నిటికంటే పెద్ద టోర్నీలు, అంటే మేజర్లు, ఐదు. వాటిలో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ని ఈజే టాకెట్ అనే ఆటగాడు 2023, 2024, 2025లో వరసగా గెలిచేశాడు. గుత్తకి తీసుకున్నాడేమో అనిపిస్తుంది.

ఆ రాత్రి చెరువుల దగ్గర మకాంలోనే పడక. వనామి రొయ్యకి గండమంతా రాత్రిపూటే. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అందుకని నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి ఒక మనిషి మేలుకుని ఉండాలి. అక్కడి ఆదివారం మధ్యాహ్నం మనకి అర్ధరాత్రి. అమెరికా ఆట చూడ్డానికి తెలుగునాట ఇంతకంటే అనువైన చోటు నాకు కనబడలేదు. బావగారు, కాపలా తాత ఎలాగూ నిద్రపోరు.

బావగారికి అమెరికా అంటే సుంకాలే. అక్కడ మన రొయ్యల మీద సుంకం పెంచితే ఇక్కడ గట్టు మీద వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) ధర పడిపోతుంది. అందుకని మొదట కాస్త విసుగ్గానే కూర్చున్నారు. ఫైనల్ పద్ధతి చెప్పాక లేచి సరిగ్గా కూర్చున్నారు. అంతకుముందు ఎన్నో గేములు ఆడితే పైన మిగిలేది ఐదుగురు. ఐదో వాడు నాలుగో వాడితో ఆడతాడు. గెలిచినవాడు మూడో వాడితో, అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ రావాలి. మొదటి స్థానంలో ఉన్నవాడు ఊరికే కూర్చుని చివరి గేము ఒక్కటే ఆడతాడు. "అదెక్కడి న్యాయం?" అన్నాడు తాత. ముందు కష్టపడి ఆ స్థానం తెచ్చుకున్నాడు కదా అంటే ఒప్పుకోలేదు.

కాసేపటికి బావగారు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "ఇందాకా అక్కడే వేస్తే అన్నీ పడ్డాయి. ఇప్పుడూ అక్కడే వేశాడు, పడలేదేంటి?"

ఆట అంతా అందులోనే ఉంది. ఆటగాడు దాటకూడని ఫౌల్ లైను నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగుల లేన్. దాని మీద ముందు భాగమంతా నూనె పూస్తారు. నూనె ఉన్నంత మేరా బంతి జారుతుంది, పొడి చోటుకొచ్చాక మలుపు తిరుగుతుంది. మాల్‌లో మనకి పూసేది మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. కాస్త తప్పు వేసినా బంతి తిరిగి దారికొస్తుంది. ప్రొఫెషనల్స్‌కి ఆ వెసులుబాటు ఉండదు. వాళ్ల నూనె పూతల్లో కొన్నిటికి జంతువుల పేర్లు పెట్టారు. చీతా అంటే పొట్టి పూత, షార్క్ అంటే పొడుగు పూత. పైగా వేసిన ప్రతి బంతీ కొంత నూనెని లాగేసుకుంటుంది. గంట కిందటి దారి ఇప్పుడు పనికిరాదు. నిలబడే చోటు జరుపుకోవాలి, లేదా బంతి మార్చాలి.

"నూనె కంటికి కనబడుతుందా?"

"కనబడదండి. బంతి తిరిగే తీరు చూసి తెలుసుకోవాలి."

ఈలోగా ఒకడు రెండు చేతులతో బంతి విసిరాడు. తాత వెంటనే, "అది తప్పు" అని తేల్చేశాడు. తాతదొక్కడిదే కాదు ఈ మాట. రెండు చేతులతో వేసే జేసన్ బెల్మాంటే అనే ఆటగాడు వచ్చిన కొత్తలో అమెరికాలోనూ ఇలాగే అన్నవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో వాళ్ల అమ్మానాన్నలకి బౌలింగ్ సెంటర్ ఉండేది. పసివాడికి బంతి ఒక చేత్తో లేవక రెండు చేతులూ వేశాడు, ఆ అలవాటే మిగిలిపోయింది. 15 మేజర్లు గెలిచాడు, అంతకుముందు ఎవరూ అన్ని గెలవలేదు. ఇదంతా చెప్పినా తాత తల అడ్డంగానే ఊపాడు.

తర్వాత ఒకడికి ఏడో నంబరు, పదో నంబరు పిన్నులు మిగిలాయి, అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి. రెండూ ఒకే బంతికి పడాలి. 2021లో ఆంథోనీ న్యూయర్ అనే 18 ఏళ్ల కుర్రాడు టీవీ ఫైనల్లో ఇది పడగొట్టాడు. టీవీలో అలాంటిది అంతకుముందు పడి 30 ఏళ్లైంది. మేం చూస్తున్నవాడు మాత్రం ఒక్కటి కూడా పడగొట్టలేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ గేము ఎవరు గెలిచారో జనరేటర్ వేసి వచ్చాకే తెలిసింది.

మర్నాడు నరసాపురం రేవులో పంటు ఎక్కాం, అవతల సఖినేటిపల్లి. బైకులు, కొబ్బరికాయల బస్తాలు, తీర్థానికి వెళ్లే జనం. వశిష్ఠ గోదావరి ఇక్కడ సముద్రానికి దగ్గర కాబట్టి పోటూ పాటూ ఉంటుంది. పంటు నేరుగా అవతలి రేవుకి పోకుండా పైకి పోయి చుట్టు తిరిగింది. ఎందుకని అడిగితే నడిపే ఆయన, "ఆయ్, ఇసక మేట కదిలిందండి. కిందటి నెల దారిన పోతే దిగబడతాం" అన్నాడు. బావగారు నా భుజం మీద తట్టి, "ఇదిగో, మీవాళ్ల నూనె" అన్నారు. పంటు ఆయనకి ఏమీ అర్థం కాక మా ఇద్దరి వైపూ చూశాడు.

అంతర్వేది గురించి ఎంత చెప్పినా తక్కువే, అయినా తీర్థం రోజుల్లో గుడి కంటే జనమే కనబడతారు. నరసింహస్వామి దర్శనానికి పొద్దున్న వరసలో నిలబడితే మధ్యాహ్నమైంది. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరకి వెళ్తే అక్కడ గాలి బాగుంది. నది ఎక్కడైందో సముద్రం ఎక్కడ మొదలైందో నీటి రంగు చూసి చెప్పొచ్చని బావగారు వాదించారు గానీ, నాకైతే అంతా ఒకటే బురద రంగులా కనబడింది. తిరుగుదారిలో రాజోలు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటాం. పాలకొల్లులో నన్ను రైలెక్కిస్తూ బావగారు వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఎప్పుడని అడిగారు. ఏప్రిల్ ప్రాంతాల్లో ఉండొచ్చన్నాను. చెరువులో రొయ్యల పట్టుబడి కూడా అప్పుడేనట. "రెండూ ఒకే రాత్రి పడకపోతే చాలు. తాతకి చెప్పకు, మళ్లీ ఆ రెండు చేతుల గొడవ మొదలెడతాడు" అన్నారు.