జెండా స్తంభానికి రెండు నీడలు

ఆఫీసు రూము పక్క వరండాలో వేలాడే మన బడి పెద్ద ఫోటో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. అది ఒకే ఫోటో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు, 42 ముక్కలు. తీసింది, కడిగింది, కోసింది, అతికించింది ఫోటోగ్రఫీ క్లబ్బులో ఉన్న మేం నలుగురం. అందులో ఒక తప్పు నాది. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటే ఎవరూ కొట్టరనే ధైర్యంతో రాస్తున్నాను.

ఆలోచన ఫిజిక్స్ సారుది. 1966లో చంద్రుడి మీద దిగిన సర్వేయర్-1 అనే మనుషుల్లేని అమెరికా నౌక పదకొండు వేలకు పైగా చిన్న చిన్న ఫోటోలు పంపిందని, భూమ్మీద మనుషులు కూర్చుని అలాంటి ఫోటోల్ని చేత్తో పక్కపక్కన అతికించి చంద్రుడి నేలని తయారుచేశారని క్లాసులో చెప్పారు. "చంద్రుణ్నే అతికించారు, మన బడెంత?" అన్నారు. మేం ఎగిరి గంతేశాం. ఎంత పనో ముందే తెలిస్తే గంతేసేవాళ్లం కాదు.

మొదటి చిక్కు కెమెరా తిప్పడంలోనే వచ్చింది. సారు నన్ను ఒక కన్ను మూసి, బొటనవేలు ఎదురుగా పెట్టుకుని తల తిప్పమన్నారు. వెనకున్న కిటికీ మీంచి వేలు పక్కకి జరిగిపోయింది. "స్టాండు మీద కెమెరా తిప్పినా ఇంతేనమ్మా. ఒక ఫోటోలో స్తంభం వెనక తలుపుంటుంది, పక్క ఫోటోలో గోడ ఉంటుంది. ఇక ఎలా అతుకుతాయి?" అన్నారు. చిల్లులు పెట్టిన ఇనప పట్టీ ఒకటి చేయించి, దాని మీద కెమెరాను కాస్త వెనక్కి జరిపి బిగించారు. దాంతో తిరిగే ఇరుసు సరిగ్గా లెన్సు కిందకి వచ్చింది. ఆ తర్వాత స్తంభం కదల్లేదు.

ప్రతి ఫోటో పక్కదాని మీదికి మూడో వంతు ఎక్కాలి. లెక్క నాకప్పగించారు. వరసకి 12, మూడు వరసలు, రీలుకి 36. భలే సరిపోయిందని మురిసిపోయాను. తీరా తీస్తుంటే వరసకి 14 పట్టాయి. పై రెండు వరసలకే 28 అయిపోయాయి. కింది వరసలో ఎనిమిదో ఫోటో దగ్గర రీలు ఖాళీ. ఇంకో రీలు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. పర్లేదులే, గోడలు ఎక్కడికీ పోవుగా అనుకున్నాం. నీడల సంగతి ఎవరికీ తట్టలేదు.

డార్క్ రూములో ఎన్‌లార్జర్ (ఫిల్ము మీది బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే దీపం) టైము మార్చకపోయినా, కాగితం మీద బొమ్మని తేల్చే డెవలపర్ మందు వాడే కొద్దీ నీరసపడిపోతుంది. సగం ప్రింట్లు అయ్యేసరికి ఆకాశం పాలిపోవడం మొదలైంది. పారబోసి, కొత్తది కలిపి, మళ్లీ వేశాం.

నాకు బాగా నచ్చిన పని కోత. "ఆకాశంలో కొయ్యొద్దు, కన్ను పట్టేస్తుంది. కిటికీ అంచు, కొమ్మ, గోడ మూల వెంబడి కొయ్యి" అనేవారు సారు. బ్లేడుతో పై పొర వరకే గీసి, అక్కర్లేని అంచుని వెనక్కి లాగి చింపాలి. ఆ వెనక భాగాన్ని గరుకు కాగితంతో రుద్దితే అంచు ఉల్లిపొరలా అవుతుంది. ఇప్పుడు ఫోటోలు కలిపే సాఫ్ట్‌వేర్లు కూడా రెండింటికీ తేడా తక్కువున్న దారి వెతికి అక్కడే కోస్తాయని చదివితే, సారు బ్లేడే గుర్తొచ్చింది. జిగురు మాత్రం మా ప్రాణం తీసింది. నీళ్ల జిగురు రాస్తే కాగితం నాని సాగి, కుడి చివరికి వచ్చేసరికి మెట్లు అర అంగుళం తప్పాయి. వరసంతా పీకి, మళ్లీ ప్రింట్లు వేసి, ఈసారి రబ్బరు సొల్యూషన్‌తో అంటించాం.

చివరి రోజున కింది వరసలో ఎనిమిదో ముక్క పక్కన తొమ్మిదోది పెట్టాను. జెండా స్తంభం వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. దాని మొదట్లోంచి ఒక నీడ ఎడమకి, ఇంకో నీడ కుడికి! గుండె ఆగినంత పనైంది. ఎవరూ చూడకముందే బూడిదరంగు పోస్టర్ కలర్ కలిపి, సన్న బ్రష్‌తో కుడి నీడని కప్పేశాను. (చెట్ల నీడలూ అడ్డదిడ్డంగానే ఉన్నాయి. అవి ఇప్పటిదాకా ఎవరి కంటా పడలేదు.) సారు వచ్చి చాలాసేపు చూశారు. "రెంటిలో ఏది అబద్ధమో ఎలా తేల్చావమ్మా?" అని మాత్రం అడిగి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

చాలా ఏళ్లకి డేవిడ్ హాక్నీ అనే బ్రిటిష్ చిత్రకారుడు ఫోటోలు అతికించి చేసిన 'పియర్‌బ్లాసమ్ హైవే' అనే బొమ్మని ఒక పుస్తకంలో చూశాను. 1986 ఏప్రిల్‌లో ఎనిమిది రోజుల పాటు, ఒక్కో వస్తువు దగ్గరికీ వెళ్లి, నిచ్చెన కూడా ఎక్కి తీసిన 700కి పైగా ఫోటోలు. అతుకులన్నీ బాహాటంగా కనిపిస్తాయి. ఆయన కావాలని చేసినదాన్ని మేం లెక్క తప్పి చేశాం. పైగా నేను రంగు పూశాను.

మొన్న బడికి వెళ్లినప్పుడు అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ప్రింటు నునుపు మీద పోస్టర్ కలర్ ఎన్నాళ్లో నిలవదు కదా. పెచ్చులు ఊడి ఫ్రేము అడుగున రాలి ఉన్నాయి. కుడి నీడ సగానికి పైగా బయటికొచ్చేసింది.